విశాఖ దగ్గర సముద్రం ఎటు పారుతోంది? ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం ఎలా?

మన కోస్తా వెంబడి సముద్రపు నీరు ఏడాదికి రెండుసార్లు దారి మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒడిశా వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వైపు పారుతుంది. ఎందుకో తెలుసుకోవడానికి ఓడ ఎక్కక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే మొదలుపెట్టొచ్చు. కావాల్సిన డేటా చాలావరకు ఉచితమే.

1. ప్రశ్నను చిన్నది చేసుకోండి. ‘హిందూ మహాసముద్రం మీద స్టడీ’ అని దిగితే నెల తిరిగేసరికి ఫోల్డర్లు నిండుతాయి, బుర్రలో ఏమీ మిగలదు. ‘నవంబరులో విశాఖ దగ్గర నీరు దక్షిణానికి ఎందుకు పోతుంది?’ అన్నది చాలు.

2. ఆర్గో డేటా దించుకోండి. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 ఆర్గో ఫ్లోట్లు, అంటే తమంతట తామే మునుగుతూ తేలుతూ నీటిని కొలిచే పరికరాలు, ఉన్నాయి. ఒక్కోటి వెయ్యి మీటర్ల లోతున నీటితోపాటు కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతుంది. హిందూ మహాసముద్రపు ఆర్గో డేటా కేంద్రం హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం)లో ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్రపు లెక్కలు!

ఫైలు పేరు ‘ఆర్’ (R)తో మొదలైతే అది అప్పటికప్పుడు వచ్చిన డేటా. ‘డి’ (D)తో మొదలైతే నిపుణులు తర్వాత సరిచూసింది. ఉప్పదనం కొలిచే సెన్సర్లు రోజులు గడిచేకొద్దీ దారి తప్పుతాయి కాబట్టి ‘డి’ ఫైళ్లే తీసుకోండి. ప్రతి కొలత పక్కన ఉండే నాణ్యత అంకె కూడా చూడాలి: 1 అంటే మంచిది, 4 అంటే పారేయాల్సింది. గ్రాఫ్ గీసేటప్పుడు లోతు కిందికి పెరిగేలా పెట్టండి. నా మొదటి గ్రాఫ్‌లో సముద్రం తలకిందులై, అడుగున వెచ్చగా, పైన చల్లగా వచ్చింది. అరపూట కొత్త విషయం కనిపెట్టాననే అనుకున్నాను.

3. ఉపగ్రహం కొలిచిన నీటి ఎత్తుతో చేతిలెక్క వేయండి. సముద్రం బల్లపరుపుగా ఉండదు. ఆ వాలే ప్రవాహం జాడ చెబుతుంది. వంద కిలోమీటర్లకు 10 సెంటీమీటర్ల వాలు ఉందనుకోండి, అంటే పది లక్షల్లో ఒక వంతు. దాన్ని గురుత్వ త్వరణం 9.8తో గుణించి, 15 డిగ్రీల అక్షాంశం దగ్గర భూభ్రమణ ప్రభావం 0.0000378తో భాగిస్తే సెకనుకు 0.26 మీటర్లు వస్తుంది. రోజుకు సుమారు 22 కిలోమీటర్లు! అరచేతి వెడల్పు ఎత్తు తేడాకే ఇంత.

దిశ కూడా తెలుస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఎత్తున్న నీరు ప్రవాహానికి కుడిపక్కన ఉంటుంది. నవంబరులో ఎత్తు మన తీరం వైపు ఉంటుంది, కాబట్టి నీరు దక్షిణానికి పోతుంది. అయితే ఒడ్డుకు మరీ దగ్గరగా ఉపగ్రహం కొలతను నమ్మలేం. భూమధ్యరేఖ దగ్గర ఈ సూత్రమే పనిచేయదు.

4. మోడల్, అంటే సముద్రాన్ని కంప్యూటర్‌లో లెక్కలతో నడిపే నమూనా, నడపండి. ముందు ఆటబొమ్మ లాంటిది చాలు. 1948లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్ సముద్రాన్ని ఒకే లోతున్న దీర్ఘచతురస్రంగా తీసుకుని, గాలి, రాపిడి, అక్షాంశంతో మారే భూభ్రమణ ప్రభావం మాత్రమే పెట్టి, ప్రవాహాలు పడమటి అంచునే ఎందుకు ఉధృతంగా ఉంటాయో చూపించాడు. పైథాన్‌లో ఒక సాయంత్రం పని. తర్వాత రామ్స్ (ROMS) లాంటి ఉచిత సముద్ర మోడల్‌కి వెళ్లండి. సముద్రాన్ని 25 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి మొదలుపెట్టండి. గడి పొడవు సగం చేస్తే గడులు నాలుగింతలవుతాయి, కాలపు అడుగు (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య సమయం) కూడా సగం కావాలి. మొత్తం పని ఎనిమిదింతలు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. లెక్క తగ్గుతుందని మ్యాపును 6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర కత్తిరించాను. నెలా రెండు నెలలకోసారి తీరంలో నీరు పెరిగి తగ్గడం ఉపగ్రహ డేటాలో కనిపిస్తోంది, నా మోడల్‌లో మాత్రం లేదు. కారణం భూమధ్యరేఖ మీది గాలులు. అవి రేపిన కెల్విన్ తరంగాలు (భూమధ్యరేఖ, తీరాల వెంబడి సాగే పెద్ద అలలు) సుమత్రాను తాకి, అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్ అంచులు పట్టుకుని చుట్టూ తిరిగి మన తీరానికొస్తాయి. వేగం సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు. నేను వాటి దారినే కోసేశాను. మీరు మ్యాపును కనీసం 10 డిగ్రీల దక్షిణం దాకా ఉంచండి.

5. కారణాలను విడదీయండి. ఒకసారి అన్ని గాలులతో, ఒకసారి భూమధ్యరేఖ గాలుల ఒడిదుడుకులు తీసేసి, ఇంకోసారి తీరం దగ్గరి గాలి ఆపేసి నడపండి. ఫలితాల మధ్య తేడాలే దేని వాటా ఎంతో చెబుతాయి. ఇలా గాలిని ఆపి చూడటం ఏ ఓడకీ సాధ్యం కాదు. మోడల్ కుదురుకునే మొదటి కొన్నేళ్ల ఫలితాలు మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

6. సరిపోల్చండి. రెడీమేడ్‌గా దొరికే రీఎనాలిసిస్ (మోడల్‌నూ కొలతలనూ కలిపి తయారుచేసిన) డేటాలో చాలావాటికి ఆర్గో కొలతలు ముందే తినిపించి ఉంటారు. మళ్లీ ఆర్గోతోనే పోల్చి ‘భలే కలిసింది’ అనుకోవడం కాపీ కొట్టిన పేపర్‌కి మార్కులు వేయడమే. మోడల్ చూడని కొలతతో పోల్చండి. బంగాళాఖాతం ఉత్తర భాగంలో, వానాకాలం తర్వాత, పైపొర ఉప్పదనం మోడల్‌లో ఎక్కువగా వస్తుంటే వెంటనే గాలిని అనుమానించకండి. మోడల్‌కి నదుల నీటిని ఇచ్చే ఫైలు తెరిచి, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి నీళ్లు అసలు పోశారో లేదో చూడండి.