వకాలత్ మీద సంతకం పెట్టే ముందు

మా చెల్లెలి మనోవర్తి కేసు కోసం ఏడాదిపాటు తిరుపతి కోర్టు చుట్టూ తిరిగినాక తెలిసొచ్చిన సంగతులివి. మొదటి లాయరుగారు టీ కొట్టు దగ్గరే వకాలత్‌తో (మన తరఫున వాదించేందుకు లాయరుకిచ్చే అధికార పత్రం) పాటు నాలుగు తెల్లకాగితాల మీదా సంతకాలు తీసుకున్నారు. ఆ పని మాత్రం చేయొద్దు. వకాలత్ మీదే పెట్టండి, దాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి.

ఫీజు వాయిదాకింతా, మొత్తం కేసుకా? మధ్యంతర మనోవర్తి (కేసు తేలేదాకా ఇప్పించే భరణం), పిల్లల కస్టడీ పిటిషన్లు అందులోనే కలిసినాయా, వేరే లెక్కా? ముందే అడగండి, మొహమాటం వద్దు. "వచ్చే భరణంలో ఇంత శాతం నాకు" అన్నారా, లేచి వచ్చేయండి. బార్ కౌన్సిల్ నియమాలు దానికి ఒప్పుకోవు.

కేసు నంబరు పడగానే ఆ కేసుకు మాత్రమే ఉండే 16 అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు రాసుకోండి. కోర్టుల ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, పోయినసారి ఏం జరిగిందో కనిపిస్తుంది. మాకు "జడ్జిగారు లీవు" అని చెప్పిన రోజు యాప్‌లో చూస్తే, మా తరఫున ఎవరూ రాలేదని ఉంది! ఆ సాయంత్రమే లాయరును మార్చేశాం. వేరే లాయరు వచ్చినా అభ్యంతరం లేదని పాతాయన దగ్గర నో అబ్జెక్షన్ రాయించుకోవడానికి ఇంకో రెండు వారాలు పట్టిందనుకోండి.

డబ్బుల్లేవని ఆగిన ఆడవాళ్లకు ఒక మాట: 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా మీకు ఉచితంగా లాయరునిస్తారు. చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదంటే 15100కి ఫోన్ చేయండి.