ఉమ్మడి తీర్మానం రాయడం – మూడో పాఠం: ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, ఎవరికి జవాబు చెప్పాలి?

వివిధ దేశాల చట్టసభల సభ్యులు కలిసి చేసే తీర్మానాన్ని ఎలా రాయాలో ఈ పాఠాల్లో చూస్తున్నాం. ముందుగా గత పాఠం అభ్యాసం సంగతి. పదకొండు వాక్యాల పీఠికను, అంటే తీర్మానం మొదట్లో నేపథ్యం చెప్పే భాగాన్ని, నాలుగు వాక్యాలకు కుదించమని అడిగాను. సోదరభావం, చారిత్రక బంధాలు, ప్రపంచ శాంతి అంటూ సాగిన వాక్యాలన్నీ కొట్టేసి ఉంటే మంచి పనే చేశారు. సమస్య ఏమిటి, అది సరిహద్దు దాటుతోందనడానికి ఆధారం ఏమిటి, దానిపై ఇప్పటికే ఉన్న ఒప్పందం ఏమిటి, ఆ ఒప్పందం ఎక్కడ ఆగిపోయింది అనే నాలుగూ మిగలాలి. నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. అది లేకపోతే ఒప్పందం ఉండగా మళ్లీ ఈ తీర్మానం ఎందుకని చదివేవారికి అనుమానం వస్తుంది.

పీఠిక తర్వాత వచ్చేది ఆచరణ భాగం. అసలు పని చేయవలసిన వాక్యాలు ఇక్కడ ఉంటాయి. మంచి పీఠిక రాసుకున్న తీర్మానాలు కూడా నీరుగారిపోయేది ఇక్కడే.

అధికారం లేని సభ ఏమి చేయగలదు?

వివిధ దేశాల చట్టసభల సభ్యులు కలిసి కూర్చునే వేదికల్లో చాలావాటికి ఎవరినీ ఆదేశించే అధికారం లేదు. ఫ్రెడెరిక్ పాసీ, విలియం రాండల్ క్రీమర్ చొరవతో 1889లో పారిస్‌లో మొదలైన అంతర పార్లమెంటరీ సమాఖ్యలో ఇప్పుడు 180కి పైగా పార్లమెంట్లకు సభ్యత్వం ఉంది. అయినా దాని తీర్మానానికి కట్టుబడి తీరాలన్న నియమం ఏ దేశానికీ లేదు. 2004లో ఏర్పడిన ఆఫ్రికా ఖండ పార్లమెంట్‌కు ఒక్కో దేశం ఐదుగురిని పంపుతుంది. ఆ సభ ఇచ్చేవి సలహాలే. దానికి చట్టాలు చేసే అధికారం కట్టబెట్టే మలాబో ప్రోటోకాల్‌ను 2014లో ఆమోదించారు కానీ, అమల్లోకి రావడానికి కావలసిన 28 దేశాల ధ్రువీకరణ (ఒప్పందానికి దేశం ఇచ్చే తుది ఆమోదం) పూర్తికాలేదు. ఐరోపా పార్లమెంట్ దారి వేరు. జాతీయ చట్టసభలు పంపిన ప్రతినిధులతో 1952లో మొదలై, 1979 నుంచి ప్రజలు నేరుగా ఎన్నుకునే సభ అయింది. దాన్ని ఈ పాఠంలో పక్కన పెడదాం.

అధికారం లేనప్పుడు తీర్మానానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? సభ్యులు స్వదేశానికి తిరిగి వెళ్లాక, ఆ కాగితం చేత పట్టుకుని తమ సొంత సభలో ఎవరిని ఏమి నిలదీయగలరో అక్కడి నుంచి వస్తుంది. ఈ పాఠంలో నేను చెప్పదలచినదంతా ఇదే. మిగతాది ఆ నిలదీతకు వీలుగా వాక్యం ఎలా రాయాలన్న కసరత్తు.

ఒక నిజమైన ఉదాహరణ చూడండి. ఇండోనేసియాలోని సుమత్రా, కాలిమంతాన్ ప్రాంతాల్లో అడవులు, పీట్ నేలలు (కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన చిత్తడి నేలలు) తగలబడితే ఆ పొగ సింగపూర్, మలేసియాలను కమ్మేస్తుంది. దీనిపై ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లోని దేశాలు 2002 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. మరుసటి ఏడాది అది అమల్లోకి కూడా వచ్చింది. కానీ మంటలు ఎక్కువగా రేగే ఇండోనేసియా మాత్రం ధ్రువీకరించలేదు. ప్రభుత్వం సంతకం పెట్టేసింది, చట్టసభ ఒప్పుకోలేదు. 2008లో తిరస్కరించి, చివరికి 2014 సెప్టెంబరులో ఆమోదించింది. సంతకానికీ ఆమోదానికీ మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

ఆ మధ్యకాలంలో మీరు తీర్మానం రాస్తున్నారనుకోండి. ‘పొగ కాలుష్యాన్ని అరికట్టాలని సభ్య ప్రభుత్వాలను కోరుతున్నాం’ అని రాస్తే, కదలవలసిన చోట ఏమీ కదలదు. అడ్డంకి ఉన్నది జకార్తాలోని చట్టసభలో. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, బిల్లును పరిశీలించే సంఘంలో. ఒక దేశపు మంత్రి మరో దేశపు చట్టసభ సభ్యుణ్ణి ఒప్పించబోతే అది దౌత్యపరమైన ఇబ్బంది అవుతుంది. సాటి సభ్యుడు మాట్లాడితే కాదు. మనీలాలో 1977లో పునాది పడిన ఆసియాన్ అంతర పార్లమెంటరీ సభ లాంటి వేదికలతో ఉన్న సౌలభ్యం ఇదే. (ధ్రువీకరణతో మంటలేమీ ఆరిపోలేదు. 2015లో పొగ మళ్లీ తీవ్రంగా కమ్మింది. ఒప్పందం దాటాక అమలు మొదలవుతుంది, దానికి మరో తీర్మానం కావాలి.)

కనుక వాక్యం మొదలుపెట్టే ముందు వేసుకోవలసిన ప్రశ్న: ఈ పని ప్రస్తుతం ఎవరి బల్ల మీద ఆగింది?

ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం

అభ్యాసం కోసం ఒక నదిని ఊహించుకుందాం. అది మూడు దేశాల గుండా పారుతుంది. ఎగువ దేశంలో పెద్ద డ్యామ్ ఉంది, వరద వస్తే మునిగేది దిగువ దేశం. మూడు చట్టసభల ప్రతినిధులు సమావేశమై ఇలా రాశారు:

‘వరద సమాచారాన్ని సకాలంలో పంచుకునేందుకు సభ్య దేశాలు తగు చర్యలు తీసుకోవాలని ఈ సభ కోరుతోంది.’

చదవడానికి ఏ లోపమూ కనిపించదు. అందుకే ఇలాంటివి చప్పట్ల మధ్య ఆమోదం పొందుతాయి. ఇప్పుడు మీరు దిగువ దేశపు సభ్యురాలనుకోండి. ఆరు నెలల తర్వాత వరద వచ్చింది, హెచ్చరిక రాలేదు. ఈ వాక్యంతో ఎవరిని అడుగుతారు? ‘సభ్య దేశాలు’ అంటే జలవనరుల శాఖా, విదేశాంగ శాఖా, వాతావరణ కేంద్రమా? ప్రతి శాఖా పక్క శాఖను చూపిస్తుంది. ‘సకాలంలో’ అంటే ఎన్ని గంటలు? గేట్లు ఎత్తిన అరగంటకు ఫోను చేశాం, అది సకాలమే అని ఎగువ అధికారి వాదించవచ్చు. ఇక ‘తగు చర్యలు’ అన్నాక, ఒక సమావేశం పెట్టి మమ అనిపించినా అది చర్యే అవుతుంది. అన్నిటికంటే పెద్ద లోపం, ఈ విషయం మళ్లీ ఎప్పుడు, ఎవరి ముందుకు వస్తుందో ఎక్కడా లేకపోవడం.

అదే విషయాన్ని మూడు వాక్యాలుగా రాద్దాం.

‘వర్షాకాలం పొడవునా సరిహద్దుకు దగ్గరలోని కొలత కేంద్రం నమోదు చేసిన నీటిమట్టాన్ని గంటకోసారి, డ్యామ్ గేట్లు ఎత్తే సమాచారాన్ని కనీసం 12 గంటల ముందు, దిగువ రెండు దేశాల వరద హెచ్చరిక కేంద్రాలకు పంపాలని ఎగువ దేశపు జలవనరుల శాఖకు సిఫారసు చేస్తోంది.’

‘వర్షాకాలం ముగిసిన 60 రోజుల్లోగా ఈ సమాచారం అందిన తీరుపై సంబంధిత శాఖల అధికారులను పిలిచి విచారించి, నివేదికను తమ సభల ముందు ఉంచవలసిందిగా మూడు చట్టసభల జలవనరుల స్థాయీ సంఘాలను ఆహ్వానిస్తోంది.’

‘ఆ మూడు నివేదికలను ఒకచోట చేర్చి తదుపరి వార్షిక సమావేశం మొదటి రోజు చర్చకు పెట్టే బాధ్యతను తన నీటి కమిటీకి అప్పగించాలని నిర్ణయిస్తోంది.’

క్రియలు మారడం గమనించారా? ప్రభుత్వానికి సిఫారసు చేస్తాం. సాటి చట్టసభను ఆహ్వానిస్తాం, ఎందుకంటే ఏ సార్వభౌమ సభా మరో సభ ఆజ్ఞాపిస్తే ఊరుకోదు; కొంచెం గట్టి మాట పడినా విషయం పక్కకు పోయి గౌరవం గురించిన గొడవ మొదలవుతుంది. ‘నిర్ణయిస్తోంది’ అనే అధికారం మనకు ఉన్నది మన సొంత కమిటీ మీద, మన సొంత కార్యక్రమ పట్టిక మీద మాత్రమే. ఆ ఉన్న కాస్త అధికారాన్నీ చాలా తీర్మానాలు వాడుకోవు. మూడో వాక్యం లేకపోతే మొదటి రెండూ బుట్టదాఖలే.

ఇంకో చిన్న సంగతి. మూడింటిలోనూ శాఖలు, సంఘాలు, కమిటీలే ఉన్నాయి, ఎవరి పేరూ లేదు. చట్టసభ సభ్యులు ఎన్నికలతో మారిపోతారు, ప్రతినిధి బృందం మొత్తం కొత్తది కావచ్చు. పదవికి అప్పగించిన పని మిగులుతుంది, మనిషికి అప్పగించింది ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

జవాబు తిరిగి రావడం

ఈ తిరుగు ప్రయాణాన్ని అందరికంటే పద్ధతిగా ఏర్పాటు చేసుకున్నది ఉత్తర ఐరోపా దేశాల చట్టసభల సభ్యులు కూర్చునే నార్డిక్ మండలి అని నా అభిప్రాయం. 1952లో ఏర్పడింది. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్‌లతో మొదలై, 1955లో ఫిన్లాండ్ చేరింది. ఇప్పుడు 87 మంది సభ్యులు. ఫేరో దీవులు, గ్రీన్లాండ్, ఓలాండ్‌లకు కూడా స్థానాలున్నాయి. ప్రభుత్వాల ప్రతినిధులు కూడా మండలిలో కూర్చుంటారు, మాట్లాడతారు, కానీ ఓటు వేయరు. ఈ ఏర్పాటులోనే కిటుకు ఉంది: సిఫారసు చేసేవారు, దానికి జవాబు చెప్పవలసినవారు ఒకే గదిలో ఉంటారు. 1962 నాటి హెల్సింకీ ఒప్పందం మండలికి ప్రభుత్వాలకు సిఫారసులు పంపే అధికారం ఇచ్చింది. వాటిపై ఏమి చేశారో ప్రభుత్వాల వైపు నుంచి మండలికి తెలియజేస్తారు. పాస్‌పోర్టు లేకుండా ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లడం, 1954 నాటి ఉమ్మడి కార్మిక విపణి, ఇవన్నీ ఆ తొలి సంవత్సరాల పనులు.

అలాంటి ఏర్పాటు లేని ప్రాంతంలో ఏమి చేయాలి? జవాబును సొంత సభ నియమాల ద్వారా రాబట్టాలి. భారత లోక్‌సభనే తీసుకోండి. ప్రశ్నకు జవాబుగా మంత్రి ‘పరిశీలిస్తాం’ అనో ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ అనో చెబితే, దాన్ని హామీగా నమోదు చేసి వెంటపడడానికి ప్రభుత్వ హామీల సంఘం ఉంది. హామీని నెరవేర్చడానికి మామూలు గడువు మూడు నెలలు. ప్రాంతీయ తీర్మానంలోని ఒక వాక్యాన్ని యథాతథంగా ప్రశ్నగా మార్చి అడిగితే, మంత్రి జవాబు ఆ జాబితాలోకి ఎక్కవచ్చు. ‘తగు చర్యలు’ అన్న వాక్యం నుంచి ఇలాంటి ప్రశ్న పుట్టదు. గంటలు, రోజులు, శాఖ పేరు ఉన్న వాక్యం నుంచి పుడుతుంది.

లెక్క కుదరడం, పని జరగడం

ఐరోపా సమాఖ్యలో జాతీయ చట్టసభలు కలిసి ఉపయోగించే ఒక సాధనం ఉంది. 2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం దాన్ని ఇచ్చింది. ఒక ముసాయిదా చట్టం దేశాల స్థాయిలోనే చూసుకోవలసిన విషయంలో తలదూర్చుతోందని అనిపిస్తే, జాతీయ పార్లమెంట్లు ఎనిమిది వారాల్లోగా అభ్యంతరం పంపవచ్చు. ఒక్కో దేశానికి రెండు ఓట్లు. రెండు సభలున్న చోట సభకు ఒకటి. మొత్తం ఓట్లలో మూడో వంతు వస్తే ముసాయిదాను, దాన్ని ప్రతిపాదించిన ఐరోపా కమిషన్ తిరిగి పరిశీలించాలి; పోలీసు, నేరన్యాయ సహకారం లాంటి విషయాల్లో నాలుగో వంతు చాలు. దీన్ని పసుపు కార్డు అంటారు.

ఇంతవరకు మూడు సార్లే అది పడింది. 2012లో సమ్మె హక్కుకు సంబంధించిన ముసాయిదాపై, 2013లో ఐరోపా ప్రాసిక్యూటర్ కార్యాలయంపై, 2016లో వేరే దేశానికి పంపే కార్మికుల వేతనాలపై. మొదటిదాన్ని కమిషన్ ఉపసంహరించుకుంది, మిగతా రెండింటినీ అట్టే ఉంచింది. 2012లోనూ పార్లమెంట్ల వాదన ఒప్పు అని అది అనలేదు. తగినంత రాజకీయ మద్దతు దొరకదని చూసి వెనక్కి తగ్గింది. ఓట్ల లెక్క కుదిరినా, దాని వెనుక ప్రభుత్వాలు కూడా కదులుతున్నాయన్న భయం లేకపోతే కార్డు కాగితంగానే మిగులుతుంది.

ఎనిమిది వారాలు చాలా తక్కువ. అందుకే బ్రస్సెల్స్‌లో ఉండే జాతీయ పార్లమెంట్ల ప్రతినిధులు సోమవారం ఉదయాల్లో కలుసుకుని, ఎవరి సభలో ఏ ముసాయిదా మీద అసంతృప్తి ఉందో చెప్పుకుంటారు. ఏ ఒప్పందంలోనూ కనిపించని ఈ సోమవారాల పలకరింపు, గంభీరమైన వార్షిక సమావేశాల కంటే ఎక్కువ పని చేస్తుందని నాకు అనిపిస్తుంది. మీ ప్రాంతపు వేదికకు నియమావళి రాసే అవకాశం వస్తే ముందు దీనికి చోటు పెట్టండి.

ఇక తప్పనిసరిగా ఎదురయ్యే అభ్యంతరం: ఇంత కచ్చితంగా రాస్తే ఏకాభిప్రాయం ఎలా కుదురుతుంది? నిజమే, కుదరడం కష్టం. ఆసియాన్ సభలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి, ఒక్క బృందం తల అడ్డంగా ఊపితే వాక్యం పోతుంది. ఇక్కడ బేరం తెలియాలి. పీఠికలో అవతలివారు అడిగిన పొగడ్త ఇచ్చేయండి, దానికి ఖర్చేమీ లేదు. 12 గంటలు 8 గంటలైనా సరే, 60 రోజులు 90 రోజులైనా సరే. ‘జాతీయ చట్టాలకు లోబడి’ అని చేర్చమంటే అభ్యంతరం పెట్టకండి. అది ఉన్నా లేకపోయినా జరిగేది అంతే. కానీ చివరి రాత్రి ముసాయిదా కమిటీలో ఎవరో ఒకరు ‘వీలైనంత వరకు’ అని చేర్చమంటారు. ఆ ఒక్క మాటకు మాత్రం లొంగకండి. అది చేరితే గడువు ఉన్నా లేనట్టే.

అభ్యాసం

మొదటిది లెక్క. ఐరోపా సమాఖ్యలో ఇప్పుడు 27 దేశాలు ఉన్నాయి. ఒక ముసాయిదాపై ఆరు ఏకసభ పార్లమెంట్లు, మరో ఐదు దేశాల్లో ఎగువ సభలు మాత్రమే అభ్యంతరం పంపాయి. పసుపు కార్డు పడుతుందా? విషయం నేరన్యాయ సహకారానికి సంబంధించినదైతే జవాబు మారుతుందా? మొదటి సందర్భంలో గడువుకు వారం మిగిలి ఉంటే మీరు ఏ సభను పలకరిస్తారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

రెండోది రచన. పొగ ఒప్పందాన్ని తీసుకుని, కాలం 2009 అనుకుని, మూడు ఆచరణ వాక్యాలు రాయండి. ఒకటి ప్రభుత్వానికి, ఒకటి ఒక జాతీయ చట్టసభకు, ఒకటి మీ సొంత సభకు. ఏ వాక్యంలోనూ ఇండోనేసియాను దోషిగా నిలబెట్టకూడదు. ఆ బృందం కూడా చేయి ఎత్తేలా ఉండాలి. రాశాక ప్రతి వాక్యం కింద, అది అమలు కాకపోతే ఎవరు ఎవరిని ఏ రోజు అడగవచ్చో ఒక్క పంక్తిలో రాసుకోండి. ఆ పంక్తి రాయలేకపోతే వాక్యాన్ని మళ్లీ రాయండి.

నాలుగో పాఠంలో సవరణల సంగతి: ఇతర బృందాల సవరణను అంగీకరిస్తూనే దాని కోరలు ఎలా తీయాలో చూద్దాం.