ఎల్‌ఎల్‌బీలో చేరే ముందు ఈ లెక్కలు చూసుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది ఎల్‌ఎల్‌బీ అంటే పరీక్షల ముందు గైడ్ కొనుక్కుని రాసేసే డిగ్రీ అనుకుంటారు. అలా కుదరదు. పేపర్లతో పాటు హాజరు, కోర్టు ప్రాక్టికల్స్, ఇంటర్న్‌షిప్ అన్నీ పూర్తయితేనే డిగ్రీ చేతికొస్తుంది.

ఇంటర్ అయితే ఐదేళ్ల కోర్సు, ఏదైనా డిగ్రీ ఉంటే మూడేళ్లది. ముందు చదివినదాంట్లో జనరల్ వాళ్లకి 45 శాతం, బీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40 ఉండాలి. సీటు కోసం రాసే రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్‌లో గంటన్నరలో 120 ప్రశ్నలు, అందులో 60 లా ఆప్టిట్యూడ్‌వే, కాబట్టి రాజ్యాంగం బేసిక్స్ గట్టిగా చదివితే సగం టెన్షన్ పోతుంది. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి మాత్రం క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ ఇప్పిస్తామని ఎవరన్నా నమ్మి డబ్బు కట్టకండి, ఆ పట్టాతో లాయర్ల పేర్లు నమోదు చేసే బార్ కౌన్సిల్ మిమ్మల్ని లాయరుగా చేర్చుకోదు.

ఉద్యోగం చేస్తూ చదువుదామనుకునేవాళ్లు హాజరు దగ్గరే ఇరుక్కుంటారు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం క్లాసులకి వెళ్లాలి. గట్టి కారణం ఉంటే ఒక సబ్జెక్టులో 65 ఉన్నా ప్రిన్సిపాల్ ఒప్పుకోవచ్చు, కానీ అప్పుడు కూడా అన్నీ కలిపి 70 ఉండాల్సిందే. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకి విశాఖలో సీటొస్తే రోజూ రైల్లో తిరిగే ఆలోచన వద్దు, హాస్టల్ చూసుకోండి.

మూడేళ్ల కోర్సులో కాంట్రాక్టులు, కుటుంబ చట్టం, రాజ్యాంగం, ఆస్తి చట్టం, సివిల్ ప్రొసీజర్, కార్మిక చట్టాలు ఇలా తప్పనిసరి పేపర్లు ఇరవై, కనీసం ఆరు ఆప్షనల్స్. 2024 జులై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షలు), సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసు నడిపే పద్ధతి), ఎవిడెన్స్ యాక్ట్ (సాక్ష్యం) పోయి కొత్త సంహితలు వచ్చాయి కదా, సీనియర్లు ఇచ్చే పాత పుస్తకాలతో ఆ పేపర్లు రాయకండి. అలాగని ఐపీసీని పూర్తిగా వదిలేయొద్దు, అంతకుముందు జరిగిన నేరాల కేసులు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి.

వీటికి తోడు నాలుగు ప్రాక్టికల్ పేపర్లు: డ్రాఫ్టింగ్ (దావాలు, దస్తావేజులు రాయడం), వృత్తి నైతికత, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం (కోర్టు బయట రాజీ, మధ్యవర్తిత్వం), మూట్ కోర్టు (కాలేజీలో నమూనా కోర్టులో వాదించడం). నా దృష్టిలో అసలు చదువు ఇదే. మూట్ కోర్టు పేపర్‌లో 30 మార్కులు ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ కోర్టులో కూర్చుని చూసి రాసినందుకు వస్తాయి. దానికి విశాఖ దాకా పోనక్కర్లేదు, టెక్కలి, బొబ్బిలి, పార్వతీపురం, మీకు ఏది దగ్గరైతే ఆ కోర్టుకే వెళ్లండి. భూమి తగాదా కేసుల్లో మన ఊళ్ల సాక్షులు చెప్పేది వింటే ఆస్తి చట్టం, సాక్ష్యం రెండూ ఒకేసారి బుర్రకెక్కుతాయి. చూసింది ఆ సాయంత్రమే డైరీలో రాసేయండి, చివర్లో పక్కవాళ్లది చూసి రాస్తే వైవాలో (నోటి పరీక్షలో) తెలిసిపోతుంది.

ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకి 12 వారాలు, ఐదేళ్లకి 20. ఒక ఏడాదిలో వరుసగా నాలుగు వారాలకి మించి చేయనివ్వరు, అందుకని ఆఖరి ఏడాదికి అట్టేపెట్టుకోకుండా మొదటి సెలవుల్లోనే కేసుల విచారణ జరిగే ట్రయల్ కోర్టులో పనిచేసే సీనియర్ లాయర్ని అడగండి.

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ అవ్వాలి, అంటే పేరు నమోదు చేయించుకోవాలి. 2024 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ ఫీజు జనరల్ వాళ్లకి 750, ఎస్సీ, ఎస్టీలకి 125 రూపాయలే, అంతకన్నా ఎక్కువ అడిగితే తీర్పు చూపించండి. దాంతో పాటు, ప్రాక్టీస్ కొనసాగించాలంటే ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసవ్వాలి.