కవరేజ్ 100 చూపిస్తోందా? ముందు ఆప్షన్లు చూడండి

తిరుపతిలోనో చిత్తూరులోనో ఈసీఈ చదివి బెంగళూరులో చిప్ వెరిఫికేషన్ (చిప్ డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో పరీక్షించే) ఉద్యోగాలకు తయారవుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కవరేజ్ రిపోర్టు (మన టెస్టులు ఎంతమేర పరీక్షించాయో శాతంలో చెప్పేది) ఫోటో పంపి "అన్నా, ఇది చాలా, ఇంకా టెస్టులు రాయాలా?" అని అడుగుతుంటారు. ఫోటో ఒక్కటే చూసి చెప్పడం కుదరదు. కవర్‌గ్రూప్‌లో, అంటే ఏయే విలువలు వచ్చాయో లెక్కపెట్టమని సిస్టమ్‌వెరిలాగ్ భాషలో మనం రాసే కోడ్‌లో, ఏ ఆప్షన్లు పెట్టారో తెలిస్తేనే ఆ శాతానికి అర్థం.

మొదట మెర్జ్ ఇన్‌స్టాన్సెస్ అనే ఆప్షన్ చూడండి. రెండు పోర్టుల రౌటర్, పోర్టుకో కవర్‌గ్రూప్ ఇన్‌స్టాన్స్ (దాని కాపీ), ప్యాకెట్ టైపు 2 బిట్లు కాబట్టి నాలుగు బిన్లు (ఏ విలువ వచ్చిందో లెక్కపెట్టే గళ్లు) అనుకుందాం. మొదటి పోర్టుకి 0, 1 మాత్రమే వచ్చాయి, రెండోదానికి 2, 3 మాత్రమే. సిస్టమ్‌వెరిలాగ్‌లో ఈ ఆప్షన్ మీరు ముట్టుకోకపోతే 0, అంటే టైప్ కవరేజ్ (ఆ కవర్‌గ్రూప్ మొత్తం శాతం) రెండింటి సగటు, 50 శాతం. అదే 1 పెడితే రెండింటి బిన్లనూ కలిపి లెక్కేస్తుంది కాబట్టి 100 వచ్చేస్తుంది. టెస్టు అదే, రన్ అదే! రెండు పోర్టుల లాజిక్ వేర్వేరు అయితే ఆ 100 మనల్ని పక్కదారి పట్టిస్తుంది, అందుకే పర్ ఇన్‌స్టాన్స్ ఆప్షన్‌ని 1 చేసి ఏ పోర్టుకి ఎంత వచ్చిందో విడివిడిగా చూడమంటాను.

ఆటో బిన్ మ్యాక్స్ అనే ఆప్షన్ ఇంకా ప్రమాదం. బిన్లు మీరు రాయకపోతే, ఈ ఆప్షన్ ముట్టుకోకపోతే గరిష్ఠంగా 64 బిన్లు వాటంతటవే తయారవుతాయి, 8 బిట్ల అడ్రస్‌లో 256 విలువలు కాబట్టి బిన్‌కి నాలుగు పడతాయి, నాలుగింట్లో ఒక్కటి తగిలినా ఆ బిన్ కవర్ అయినట్టే. టెస్టు 0, 4, 8, 12 అంటూ 252 దాకా అలైన్డ్ (నాలుగుతో భాగించబడే) అడ్రస్‌లే పంపినా రిపోర్టు 100 అంటుంది, అన్‌అలైన్డ్ యాక్సెస్ ఒక్కటీ జరగకుండానే. ముఖ్యమైన విలువలకు బిన్లు మీరే రాసుకోండి, బద్ధకించకండి.

అట్ లీస్ట్, అంటే బిన్ కవర్ అవ్వాలంటే కనీసం ఎన్నిసార్లు తగలాలో చెప్పే ఆప్షన్, మామూలుగా 1. దాన్ని 10 చేస్తే, 9 సార్లు తగిలిన బిన్ కూడా కవర్ కానట్టే లెక్క.

వెయిట్ సంగతి చాలామంది పట్టించుకోరు. గ్రూప్ శాతం తీసేటప్పుడు బిన్ల సంఖ్యతో పనిలేదు, వెయిట్ మార్చకపోతే రెండు బిన్ల కవర్‌పాయింట్‌కీ (ఒక సిగ్నల్ విలువలను లెక్కపెట్టేది) వందల బిన్ల క్రాస్‌కీ (కవర్‌పాయింట్ల విలువల కలయికలను లెక్కపెట్టేది) ఒకటే విలువ. రెండు కవర్‌పాయింట్లు చెరో 100, క్రాస్ 10 ఉంటే గ్రూప్ 70 చూపిస్తుంది, పర్లేదులే అనిపిస్తుంది, కానీ అసలు పని మొత్తం ఆ క్రాస్‌లోనే మిగిలిపోయి ఉంటుంది. కేవలం క్రాస్ కోసం రాసుకున్న కవర్‌పాయింట్లకు వెయిట్ 0 పెట్టండి, ఇన్‌స్టాన్స్ ఆప్షన్‌లోనూ టైప్ ఆప్షన్‌లోనూ రెండుచోట్లా.

గోల్ అనే ఆప్షన్‌ని 90కి తగ్గిస్తే లక్ష్యం చేరినట్టు రిపోర్టు చూపించొచ్చు, సిస్టమ్‌వెరిలాగ్ స్టాండర్డ్ ప్రకారం శాతం లెక్క మాత్రం మారదు, తగలని బిన్లు తగలనట్టే ఉంటాయి.