పాత అంబాసిడర్‌లో లైట్లు సతాయిస్తుంటే ముందు ఎర్త్ చూడండి

మా నాన్నగారి 1984 అంబాసిడర్‌కి పోయినేడు రంగు వేయించాం. ఆ వారమే కొత్త జబ్బు మొదలైంది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా దాంతోపాటే కొట్టుకునేది. బ్రేక్ నొక్కితే ఆ వైపు లైటు మిణుకుమిణుకుమనేది. చూసిన మెకానిక్ వైరింగంతా మార్చాలన్నాడు. నాకు మనసొప్పలేదు. అందులో సగం టేపు నాన్న తన చేత్తో చుట్టిందే.

ఒక లైటు వేస్తే ఇంకోటి కదిలిందంటే బల్బుని అనుమానించకండి, ఎర్త్‌ని అనుమానించండి. బల్బులోంచి వచ్చిన కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి చేరాలి. ఆ తిరుగు దారే ఎర్త్. అది మూసుకుపోతే కరెంటు పక్క బల్బు ఫిలమెంట్లోంచి దూరి వెళ్తుంది. అందుకే రెండూ మసకబారతాయి.

పరీక్షకి ఐదు మీటర్ల వైరు చాలు. ఒక కొన బ్యాటరీ మైనస్‌కి బిగించి, లైటు వెలుగుతుండగా రెండో కొనని బల్బు హోల్డర్ అంచుకి తాకించండి. వెలుగు ఒక్కసారిగా పెరిగితే దొంగ దొరికినట్టే. బల్బు అడుగున ఉండే కాంటాక్టుకి మాత్రం తగలనివ్వకండి, ఫ్యూజు పోతుంది. మల్టీమీటరుంటే బ్రేక్ నొక్కించి, హోల్డరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఓల్టేజి చూడండి. అర ఓల్టు దాటకూడదు. మాది నాలుగు చూపించింది.

బ్యాటరీ మైనస్ తీసేసి ల్యాంపు స్క్రూలు విప్పితే, కింద రేకు మీద కొత్త రంగు మందంగా మెరుస్తోంది! ఎర్త్ తగలాల్సిన చోటే అది. రూపాయి బిళ్ళంత మేర రేకు తెల్లగా మెరిసేదాకా గీకాను. ఇత్తడి హోల్డర్లో పట్టిన పచ్చటి చిలుముని గరుకు కాగితంతో రుద్ది, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన వాజిలిన్ రాశాను.

బల్బు పెట్టేటప్పుడు దాని పక్కనున్న రెండు ముళ్ళూ చూడండి. బ్రేక్‌కి 21, పార్కింగ్‌కి 5 వాట్ల ఫిలమెంట్లు రెండూ ఒకే బల్బులో ఉండే 21/5 వాట్ల బల్బుకి అవి ఒకే ఎత్తులో ఉండవు. బలవంతంగా తిప్పి పెడితే బ్రేక్ లైటు, పార్కింగ్ లైటు తారుమారవుతాయి.

హెడ్‌లైట్లు రెండూ ఒకేసారి మసకైతే స్విచ్చి మీద కన్నేయండి. 60 వాట్ల బల్బులు రెండు కలిసి దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి. రిలే అంటే స్విచ్చి నుంచి చిన్న కరెంటు అందుకుని పెద్ద కరెంటుని తాను మోసే పరికరం. అది లేని బండిలో ఆ భారమంతా నలభై ఏళ్ళ స్విచ్చే మోస్తోంది. రిలేలు పెట్టించండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే సిగరెట్ రేకు మాత్రం చుట్టకండి. బండి తగలబడేది అక్కడే.