బండి లోపలి దళం లెక్క: మా హన్మకొండ బల్ల మీద తగాదా తీరిన తీరు

వార్‌హ్యామర్ 40,000 అనే, బొమ్మ సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట పదో ఎడిషన్ (2023)లో ప్రతి దళానికీ పాయింట్ల విలువ ఉంటుంది; 2000 పాయింట్ల ఆటకు స్ట్రాటజిక్ రిజర్వ్ (మొదట బల్ల మీద పెట్టకుండా ఆపి, తర్వాత దింపే దళాలు) హద్దు 500 పాయింట్లు. రిజర్వ్‌లో పెట్టిన, దళాలను మోసే బండి పాయింట్లే లెక్కనీ, లోపలున్నోళ్లవి కావనీ ప్రతిసారీ లొల్లి. రూల్‌లో మాత్రం లోపలున్నోళ్లనూ కలపాలని సాఫ్‌గా ఉంది. బండి 85, దళాలు 180, 160 అయితే 425. ఇంకో 90 దళం కలిపితే 515, అంటే హద్దు దాటినట్టే. ఆటకు ముందే చీటీ మీద కూడి ఎదుటివాళ్లకు చూపిస్తే సగం గొడవ అక్కడే పోతుంది.

అసలు తంటా దిగేటప్పుడు. బండి కదలకముందే దిగితే దళం మామూలుగా నడవొచ్చు, చార్జ్ (శత్రువు మీదికి దూకి కలబడటం) చేయొచ్చు. బండి మామూలు కదలిక చేశాక దిగితే కాల్పులే. నడక లేదు, చార్జ్ లేదు. అడ్వాన్స్ చేసిన (పాచిక వేసి అదనపు దూరం పోయిన) బండిలోంచి దిగుడే లేదు.

దిగేవాళ్లు బండికి 3 అంగుళాల లోపల పూర్తిగా ఉండాలి, అంచు తాకితే చాలదు. 3 అంగుళాలంటే 76 మిల్లీమీటర్లు: 32 మి.మీ. బేస్‌లు (బొమ్మల కింది గుండ్రటి పీటలు) రెండు వరుసలే పడతాయి, మూడోది పట్టదు. పదిమందికి కనీసం 160 మి.మీ. పొడవు ఖాళీ కావాలి. గోడకు ఆనించి బండి పెట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు: ఒక్కడికి చోటు లేకున్నా దళం మొత్తం దిగలేదు. కొలతకు సాగే దర్జీ టేపు వద్దు, సరిగ్గా 3 అంగుళాలకు కోసిన సన్‌మైకా ముక్క చాలు.

ఇంకా తేలకపోతే దళం కార్డు చదవండి, సాధారణ రూల్ కంటే దాని మాటే చెల్లుతుంది. అదీ మాట్లాడకపోతే పాచిక వేసి, ఆ నిర్ణయం ఆ ఆట వరకే అని రాసిపెట్టుకోవాలి.