పాత సఫారీని రాళ్లబాట పట్టించడం ఎలా?

ఇక్కడ చెప్పేది టాటా సఫారీ డైకార్ (డీజిల్ ఇంజిన్) ఫోర్ బై ఫోర్ గురించి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం పంపగలిగే రకం. సస్పెన్షన్‌లో ముందు టోర్షన్ బార్లు (మెలితిరిగే ఉక్కు కడ్డీలు), వెనక కాయిల్ స్ప్రింగులు ఉన్న పాత బండి. 2012లో వచ్చిన సఫారీ స్టోర్మ్‌లో ముందు చక్రాలకూ కాయిల్సే కాబట్టి దాని లెక్క వేరు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న వారంలోనే మూడంగుళాలు లేపించేసి, నెల తిరక్కుండా డ్రైవ్ షాఫ్టుల రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగి, బాల్ జాయింట్లు కటకటలాడుతూ షెడ్డుకు చేరే బండ్లకు లెక్కే లేదు. ఎత్తు పెంచడం చివర్లో చేసే పని. అది కూడా ఒక్క అంగుళమే.

ముందు రిపేరు, తర్వాతే సోకులు

పదిహేనేళ్ల బండికి మోడిఫికేషన్ అంటే సగం రిపేరే. ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగులు, రేడియేటర్ హోస్‌లు చూడండి. ఆడుతున్నదీ కారుతున్నదీ మార్చేయండి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె), రెండు క్రౌన్ హౌసింగుల్లో (ముందూ వెనకా చక్రాల మధ్య గేర్లుండే డబ్బాలు) ఆయిల్ కొత్తది పోయండి.

ఫోర్ వీల్ నాబ్‌ను పాత ఓనరు ఏళ్ల తరబడి తిప్పి ఉండడు. దాని షిఫ్ట్ మోటారు పట్టేసి ఉండొచ్చు. మట్టి నేల మీదికి తీసుకెళ్లి పరీక్షించండి. తారు రోడ్డు మీద వద్దు, మలుపులో చక్రాలు జారే వీల్లేక షాఫ్టులు బిగుసుకుంటాయి. లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేయాలంటే బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి తిప్పాలి. మీటర్లో దీపం మిణుకుతూనే ఉంటే గేరు పడనట్టే. మీది టూ వీల్ డ్రైవ్ అయితే దాన్ని ఫోర్ బై ఫోర్‌గా మార్చే ఆలోచన మానుకోండి. ఆ డబ్బుకు నాలుగు మంచి టైర్లు వచ్చి ఇంకా మిగులుతుంది.

టైర్లు

చాలా డైకార్లకు కంపెనీ సైజు 235/70 ఆర్16. మీ బండి డోరు దగ్గర స్టిక్కర్ చూసి ఖాయం చేసుకోండి. దాని బదులు 245/70 ఆర్16 ఆల్ టెరైన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే రకం) వేయండి, ఇంకేమీ వద్దు. వ్యాసం 735 మి.మీ. నుంచి 749కి పెరుగుతుంది, అంటే రెండు శాతం లోపే. స్పీడోమీటర్ వంద చూపిస్తే అసలు వేగం 102 ఉంటుంది. 245/75 వేస్తే వ్యాసం 774 మి.మీ. అవుతుంది. స్టీరింగ్ నిండా తిప్పినప్పుడు ఫెండర్ లైనరుకు రాసుకునే ప్రమాదం, బ్రేకులకూ క్లచ్‌కూ అదనపు బరువు.

ఇంకో మాట. సస్పెన్షన్ ఎంత లేపినా వెనక క్రౌన్ హౌసింగ్ నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం, అంటే ఇక్కడ 7 మి.మీ. రాయి తగిలేది ఎక్కువసార్లు ఆ హౌసింగుకే.

టైరులో గాలి రోడ్డు మీద 32 పీఎస్ఐ, కంకర దారిలో 22, ఇసుకలో 16. తిరిగి గాలి కొట్టుకోవడానికి బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ బండిలోనే ఉండాలి. నల్లరేగడి తడిస్తే మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. రెండు చుట్లు తిరిగేసరికి టైరు గాడులు జిగురుతో నిండి నున్నటి బన్నులా అవుతుంది. ఆ రోజు ఇంకో దారి చూసుకోవడమే.

టోర్షన్ బార్: అందరూ చెడగొట్టేది ఇక్కడే

టోర్షన్ బార్ అంటే మెలితిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీ. ఒక కొస చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్‌కు, రెండో కొస ఛాసిస్ దగ్గర యాంకర్ ఆర్మ్‌కు ఉంటుంది. యాంకర్ ఆర్మ్ బోల్టు బిగిస్తే బండి ముందు భాగం లేస్తుంది. పది నిమిషాల పని, ఖర్చు సున్నా. అందుకే ప్రతి షెడ్డులోనూ నాలుగు చుట్లు బిగించి పంపేస్తారు.

బోల్టు బిగిస్తే కడ్డీ గట్టిపడదు. దాని బలం అంతే ఉంటుంది, బండి నిలబడే స్థానం మారుతుంది, అంతే. చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం కూడా మారదు. మీరు లేపిన ప్రతి మిల్లీమీటరూ చక్రం కిందికి జారగలిగే దూరంలోంచి పోతుంది. ఉదాహరణకు చక్రం 70 మి.మీ. కిందికి జారగలదనుకుందాం. 50 మి.మీ. లేపితే మిగిలింది 20. గుంత రాగానే చక్రం గాలిలో వేలాడుతుంది, ఆర్మ్ వెళ్లి స్టాపర్‌కు ఢాం అని కొడుతుంది. "లేపాక సస్పెన్షన్ గట్టిపడింది" అని మురిసిపోయేవాళ్లు వింటున్నది ఆ దెబ్బే. రాళ్లబాటలో కావలసింది చక్రం నేలను వదలకపోవడం. లేపి లేపి దాన్నే పోగొట్టుకుంటారు.

అందుకని ముందు కొలవండి. చదును నేల మీద బండి నిలిపి, చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కొలతను పాడుచేస్తుంది. తర్వాత ఛాసిస్ కింద జాక్ పెట్టి ముందు రెండు చక్రాలూ వేలాడనిచ్చి, మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాయే కిందికి జారే దూరం. లేపాక అందులో సగమైనా మిగలాలి. ఎక్కువ బండ్లలో అది 25 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఒక్క మర కూడా వద్దు.

పాత బండిలో రెండు వైపులా సమానంగా కూర్చోవు, ఒక పక్క వాలి ఉంటుంది. అందుకే రెండు వైపులా ఒకే లెక్కన చుట్లు తిప్పకండి, కొలత సమానమయ్యేలా తిప్పండి.

ముందు రోజు రాత్రే మరల మీద తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది వదిలేయండి. బోల్టు పాత స్థానాన్ని తెల్ల పెయింటుతో గుర్తు పెట్టండి. ఛాసిస్ కింద రెండు స్టాండులు పెట్టి, చక్రాలు వేలాడుతుండగానే తిప్పాలి. బండి బరువు కడ్డీ మీద ఉండగా తిప్పితే మర కొట్టుకుపోతుంది. వేలాడుతున్నప్పుడు కూడా కడ్డీలో కొంత మెలిక ఉంటుంది, బోల్టు పూర్తిగా ఊడదీస్తే యాంకర్ ఆర్మ్ తిరిగొచ్చి చేతిని తీసుకుపోతుంది. ఊడదీయకండి, దాని కింద తల పెట్టకండి.

ఒక్కో వైపు ఒక్క చుట్టు. బండి దించి, పది మీటర్లు ముందుకూ వెనక్కూ నడిపి, బంపర్ మీద నాలుగుసార్లు నొక్కి, అప్పుడు కొలవండి. దించిన వెంటనే టైర్లు లోపలికి ముడుచుకుని ఉండటం వల్ల బండి ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఆ కొలత నమ్మి రెండో వైపు సరిచేసేవాళ్లు రోజంతా బోల్టు తిప్పుతూనే ఉంటారు.

అయ్యాక మళ్లీ చక్రాలు వేలాడదీసి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూ చేత్తో చక్రం తిప్పండి. డ్రైవ్ షాఫ్ట్ బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటున్నా, టిక్ టిక్ మన్నా, అర చుట్టు వెనక్కి రండి. ఈ షాఫ్ట్ వంపు తగ్గించడానికి ముందు క్రౌన్‌ను కిందికి దించే స్పేసర్లు (మధ్యలో పెట్టే దిమ్మెలు) అమ్ముతారు. ఎత్తు కోసం తంటాలు పడి, తగిలే భాగాన్ని మళ్లీ కిందికి దించడం ఏం తెలివో!

నూటయాభై కిలోమీటర్లు తిరిగాక అలైన్‌మెంట్. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి డబ్బు తీసుకుంటారు. క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) కూడా చూడమని నిలబడి అడగండి. హెడ్‌లైట్ల వెలుగు కూడా కిందికి సర్దండి.

వెనక వైపు

కూలబడిన స్ప్రింగుల మీద స్పేసర్ పెట్టకండి. కొత్త ఒరిజినల్ స్ప్రింగులు వేస్తే సగం సందర్భాల్లో స్పేసర్ అక్కర్లేదు. కావాలంటే 25 మి.మీ. స్పేసర్ చాలు. యాక్సిల్ వేలాడదీసి బ్రేకు హోసు బిగుసుకుంటోందేమో చూడండి. యాక్సిల్‌కు లింకుతో తగిలించిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ (బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చేది) ఉంటే దాన్నీ సర్దాలి. లేకపోతే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది.

మిగతావి

ఫుట్‌బోర్డులు తీసేయండి, ముందు రాళ్లకు తగిలేవి అవే. ఇంజిన్ కింద 4 మి.మీ. ఉక్కు ప్లేటు, ఆయిల్ దించే చోట చిల్లుతో. ముందూ వెనకా ఛాసిస్‌కు బోల్టు చేసిన హుక్, 4.75 టన్నుల షాకిల్ (తాడు తగిలించే ఉక్కు లింకు) రెండు. ట్రాలీ తగిలించే బాల్‌కు తాడు కట్టి లాగొద్దు, అది విరిగితే ఫిరంగి గుండే.

పైకి కనబడే బుల్ బార్ (బంపర్ ముందు బిగించే ఇనుప చట్రం) వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఛాసిస్ కోయడం, వెల్డింగ్ చేయడం జోలికి పోకండి. పదిహేనేళ్లకు ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు విప్పి మామూలుగా పెట్టగలిగినవే పెట్టుకోండి.

స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం) కంటే ముందు వాగు దాటేవాళ్లకు కావలసింది యాక్సిల్ బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి ఆడే రంధ్రం) పైపు. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, సీలు పక్కనుంచి నీళ్లు పీల్చుకుంటుంది. బ్రీదర్‌కు రెండు మీటర్ల ఆయిల్ రబ్బరు పైపు తగిలించి, వెనక లైటు ఎత్తుకు తీసుకెళ్లి, కొసన చిన్న ఇంధన ఫిల్టరు పెడితే సరి. మొదటి ట్రిప్పు నుంచి రాగానే వీల్ నట్లు మళ్లీ బిగించి, హౌసింగ్ ప్లగ్గు విప్పి వేలితో ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. ఆ రోజే మార్చేయండి.